లాభం అనే మొదటి మనిషి

మొన్న బుధవారం, పగలు పదకొండు గంటల నలభై నిమిషాలు. పడమటి గాలి, గొడుగు విప్పాలా వద్దా అని ఆలోచనలో పడేసే సన్నని జల్లు. రాయదుర్గంలో మెట్రో దారి ముగిసే చోట మెట్లు దిగి, రోడ్డు దాటడానికి నిలబడి ఉన్నాను. ఎదురుగా ఇంకొక ఆఫీసు భవనానికి పునాది తవ్వుతున్నారు. బండను పేల్చే ముందు మోగించే సైరన్ మోగింది. గోతిలోని కూలీలు ఇనుప నిచ్చెన మీదుగా ఒకరి వెనుక ఒకరు పైకి రాసాగారు. పసుపుపచ్చ టోపీ పెట్టుకున్న మేస్త్రీ నిచ్చెన పక్కన నిలబడి, వేలు చూపుతూ వారిని లెక్కపెడుతున్నాడు. ఏ భాషలో లెక్కపెడుతున్నాడో వాహనాల రొదలో నాకు వినబడలేదు. కాని మొదటి మనిషి తల గోతి అంచు దాటకముందే అతని పెదవులు ఒకసారి కదిలాయి. అది చూసిన తర్వాత నేను రోడ్డు దాటలేకపోయాను. పేలుడు ముగిసి, దుమ్ము అణిగేవరకు అక్కడే నిలబడిపోయాను.

ఆ గోతికి మూడు వందల గజాల దూరంలో నా బాల్యంలో రెండేళ్లు గడిచాయి. చెప్పబోయేది ఏ సంవత్సరంలో, ఏ తేదీన జరిగిందో నా దగ్గర కచ్చితంగా ఉంది. ఇక్కడ రాయను. ఈ లెక్కలోకి వచ్చే మనుషుల బంధువులు ఎక్కడైనా ఉండవచ్చు. వారికి తేదీ ఇవ్వడమంటే తద్దినం ఇచ్చినట్టే అవుతుంది. దానికి నా దగ్గర చాలినంత ఆధారం లేదు.

నాకు అప్పుడు తొమ్మిదేళ్లు, చెల్లెలికి నాలుగు. రైలింజన్లు బొగ్గు మాని నూనెకు మారుతున్న కాలం. మేము గోదావరి వైపు బొగ్గు ప్రాంతం నుంచి వచ్చాము. మా నాయన అక్కడ ఒక పాత గనిలో సర్దారు. షిఫ్టు కూలీలతో కలిసి లోపలికి దిగి, తలమీది కప్పు గట్టిగా ఉందో లేదో చూసి, పని చేయించి, అందరినీ తిరిగి వెలుతురులోకి చేర్చడం అతని బాధ్యత. ఆ గనిలో మంచి బొగ్గు లోతుకు పోయింది, నీరు పైకి వచ్చింది, కొనేవారు తగ్గారు. ఒకనాడు పైఅధికారులు వచ్చి చూసి, ఇక లాభం లేదన్నారు. చుట్టుపక్కల అటువంటి పాత గనులు ఒకటి తర్వాత ఒకటి మూతపడ్డాయి. “బొగ్గు ఒడువలే, లోపట ఇంక ఉన్నది; బొగ్గుతోని అవసరం ఒడిసింది,” అనేవాడు నాయన.

గని మూసిన తర్వాత అయిదు కుటుంబాలవాళ్లం ఒక గుత్తేదారు వెంట ఇక్కడికి, రాయి కొట్టే పనికి వచ్చాము. రోడ్లకు, కూకట్‌పల్లి వైపు లేచే ఇళ్లకు కంకర కావాలి. ఇరవై ఏళ్లు భూమి లోపల నల్లరాయి కొట్టిన చేతులు ఇప్పుడు ఎండలో తెల్లరాయి కొట్టసాగాయి. మగవాళ్లందరికీ మొదటి నెలంతా కళ్లు నీరు కారాయి.

అప్పట్లో అక్కడ గుండ్లు తప్ప మరేమీ లేదు. ఇంటంత గుండు మీద బండెడంత గుండు, దాని మీద కుండంత గుండు. వాటి మధ్య సీతాఫలం పొదలు. పొద్దున కౌజుపిట్టల అరుపులు, సాయంత్రం మేకల మెడగంటలు వినిపించేవి. మిట్టమధ్యాహ్నం మాత్రం సమస్తం ఆగిపోయేది. ఊరివాళ్లు ఆ వేళ గుండ్ల మధ్య అడుగు పెట్టేవారు కారు. ఆ నిశ్శబ్దంలో రాయి లోపల ఎక్కడో టక్కుమనేది. కొంతసేపటికి మరొకచోట మరొకటి. వేడికి రాయి సాగుతుందని, అప్పుడు చప్పుడు చేస్తుందని నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. అప్పటికి తెలియదు.

మా భాష కూడా అక్కడ మమ్మల్ని ఇబ్బంది పెట్టింది. బొగ్గు ప్రాంతంలో గనిని బాయి అంటారు. బాయి పని, బాయి దిగడం, బాయి ఎక్కడం, అంతా అదే మాట. మా గుడిసెల పక్క జొన్నచేను రైతు కూతురు నాకు స్నేహితురాలయింది. నాకంటే ఒక ఏడాది పెద్దది. మా నాయన ప్రతిరోజూ బాయిలోకి దిగి చీకటి పడేవేళకు పైకి వచ్చేవాడని నేను గొప్పగా చెప్పాను. ఆ పిల్లకు బాయి అంటే నీళ్ల బావి ఒక్కటే తెలుసు. “పొద్దంత బాయిలనే ఉంటడా? మీ నాయన చాపనా, కప్పనా?” అంది. మరునాటికి ఊరి పిల్లలందరికీ మేము కప్పలోళ్లమయ్యాము. వాళ్ల అమ్మ మాత్రం ఆ మాటను వేరే విధంగా అర్థం చేసుకుంది. ఒక సాయంత్రం పచ్చిపులుసు గిన్నె పట్టుకుని వచ్చి, మా అమ్మ పక్కన కూర్చుని, మీ ఆయనను బావిలోనుంచి ఎవరు తీశారు, ఎంత కష్టం వచ్చి దూకాడు అని మెల్లగా అడిగింది. అమ్మ నవ్వలేక, ఏడవలేక, పులుసు పుచ్చుకుంది.

అమ్మకు అక్కడి పొయ్యి కూడా కొత్తదే. మా ఊళ్లో బొగ్గుల పొయ్యి మీద వంట. అన్నంలో, బట్టల్లో, జుట్టులో ఒకటే గంధకపు వాసన. ఇక్కడ ఎండిన సీతాఫలం పుల్లలు భగ్గున మండి చల్లారిపోయేవి. జొన్నరొట్టె చక్కగా పొంగినా నాయనకు పచ్చిగానే తోచేది. వాసన లేని రొట్టె కాలినట్టు కాదని అతని నమ్మకం. మేము పిల్లలం సగం పండిన సీతాఫలాలను ఆ నిప్పుల్లో పూడ్చి, పైతోలు నల్లబడగానే తీసి, వేళ్లు కాల్చుకుంటూ తినేవాళ్లం. ఆ తీపిలో ఉన్న పొగ రుచిని ఆ తర్వాత నేను ఏ పండులోనూ చూడలేదు.

గని పనివారు ఎక్కడ కూర్చోవాలన్నా ముందు తలమీది కప్పును కర్రతో కొట్టి వింటారు. ఖంగుమంటే గట్టిది. డొల్లగా పలికితే అక్కడ ఉండకూడదు. నాయన గుడిసెలోకి వచ్చినా గుమ్మంలో ఆగి దూలాన్ని రెండుసార్లు కొట్టేవాడు. గుడిసె వెనుక ఆనుకుని ఉన్న పెద్ద గుండునూ అలాగే కొట్టేవాడు. ఒక మధ్యాహ్నం అతను రెండుసార్లు కొట్టిన కొంతసేపటికి లోపలినుంచి ఒకసారి చప్పుడు వచ్చింది. నాయన కర్ర పట్టుకుని అలాగే నిలబడ్డాడు. “రాయితోని ముచ్చట పెట్టుడేంది, రొట్టె సల్లారుతుంది,” అని అమ్మ లోపలినుంచి పిలిచింది.

పిల్లల ఆటకు కూడా మేము బాయి అని పేరు పెట్టాము. క్వారీకి అవతల రెండు గుండ్ల మధ్య ఒక సందు ఉండేది. ఒకవైపు నుంచి పాకుతూ లోపలికి పోతే, చీకట్లో రెండు మలుపులు తిరిగి, మరొకవైపు బయటపడవచ్చు. లోపల గబ్బిలాల కంపు, చల్లని మట్టి. బయటపడే చోట ఒకరు సర్దారుగా నిలబడి వచ్చినవారిని లెక్కపెట్టాలి. ఆ రోజు రైతు కూతురు తాను సర్దారునని పట్టుబట్టింది. మేము ఆరుగురం లోపలికి దూరాము. చివర మా చెల్లెలు. కొంతసేపటికి ఒకరొకరం బయటికి వచ్చాము. లెక్క ఆరుకు వచ్చింది. ఆకలి వేస్తున్నది కనుక అందరం ఇళ్లకు పరుగెత్తాము. చెల్లెలు వెనుక నడిచి వస్తున్నదనుకున్నాను.

అమ్మ రొట్టెలు పెట్టబోయి అడిగేవరకు నేను వెనక్కి చూడలేదు.

నాయన క్వారీనుంచి అలాగే పరుగెత్తుకొచ్చాడు. పెద్ద మనిషి పట్టే సందు కాదది. అయినా భుజాలు గీసుకుపోతున్నా పక్కకు ఒరిగి లోపలికి దూరాడు. ఎండ నడినెత్తిన ఉంది. బయట ఆడవాళ్లు నిలబడ్డారు. రెండో మలుపు దగ్గర చెల్లెలు గోడకు ఆనుకుని కూర్చుని ఉందట. ఏడవడం లేదు. బయటికి తెచ్చాక అమ్మ గట్టిగా హత్తుకుని, భయపడ్డావా అని అడిగింది.

“లోపట ఒకాయన ఉన్నడు,” అంది చెల్లెలు. “టక్కు టక్కు కొడుతుండు. పోదాం రా అంటే రాలే.”

ఊరివాళ్లు ఒక అడుగు వెనక్కి వేశారు. నాయన రైతు కూతురి ముందు గొంతుక్కూర్చుని, ఎలా లెక్కపెట్టావో మళ్లీ చేసి చూపించమన్నాడు. ఆ పిల్ల భయపడలేదు. కళ్లంలో వాళ్ల నాయన జొన్నలు కొలిచేటప్పుడు చేసినట్టే చేసింది. ఒకటి అనకూడదు కదా. మొదటి కొలతకు లాభం అనాలి. సందు ముందు నిలబడి, ఇంకా ఎవరి తలా కనబడకముందే, చెయ్యెత్తి “లాభం” అని పాడినట్టు అంది. తర్వాత నన్ను బయటికి రమ్మని, నా నెత్తిమీద చెయ్యి పెట్టి “రెండు” అంది.

లాభం అన్న మాట కింద మనిషి లేడు. ఆరు అనేసరికి బయట ఉన్నది అయిదుగురం.

నాయన నేలమీద చతికిలబడ్డాడు. చెల్లెలు దొరికింది కదా అని అందరూ ఓదార్చారు. అతను ఆలోచిస్తున్నది చెల్లెలి గురించి కాదని ఆ రాత్రి అన్నం దగ్గర తెలిసింది.

గని మూసిన చివరి రోజు, పట్టాలు, పైపులు పీకి తేవడానికి పందొమ్మిది మంది దిగారు, నాయన కాక. ఆ పొద్దున నీళ్లు తోడే పంపు ఆపేశారు. సాయంత్రానికి కింది దారుల్లో నీరు కదిలే చప్పుడు వినిపిస్తున్నది. నాయన పైకి పోయే వాలుదారి అడుగున దీపం ఎత్తి పట్టుకుని నిలబడి, ఒక్కొక్కరినీ పైకి పంపుతూ లెక్కపెట్టాడు. అతనూ కళ్లంలో జొన్నలు కొలిచిన ఇంటివాడే. లాభం అని మొదలుపెట్టి పందొమ్మిది వరకు చెప్పాడు. చీకట్లోకి తిరిగి మూడు కేకలు వేశాడు. నీళ్ల చప్పుడు తప్ప ఏమీ రాలేదు. తానూ ఎక్కాడు. మరునాడు పొద్దున బాయి మూతికి రాతిగోడ కట్టేశారు.

“లాభం అన్నది యాదికున్నది,” అన్నాడు నాయన. “అన్నప్పుడు ఎదురుంగ మొఖం ఉండెనా లేదా, అది యాదికొస్తలేదు.”

ఆ పందొమ్మిది మందిలో నలుగురు మా పక్క గుడిసెల్లోనే ఉన్నారు. నాయన మరునాడు వారిని అడిగాడు: అందరికంటే ముందు పైకి వచ్చింది ఎవరు? మొదటివాడు తాను కాదన్నాడు, తన ముందు ఒకడున్నాడన్నాడు. రెండోవాడూ అదే అన్నాడు. మూడోవాడు, నాలుగోవాడు కూడా. ముందున్నది ఎవరంటే పేరు చెప్పలేకపోయారు. బొగ్గు పట్టిన వీపులన్నీ ఒకటే.

అప్పటినుంచి ఇంట్లో ఒక మనిషి గురించి మాటలు మొదలయ్యాయి. ఆ పందొమ్మిది మందిలో ఒకడు, నీళ్ల పంపు దగ్గర పనిచేసినవాడు. ఎక్కడో పైదేశం నుంచి ఒంటరిగా వచ్చాడు, భార్యాబిడ్డలు లేరు. అందరికంటే కింది దారిలో పని. ఆదివారాలు కొట్టు అరుగు మీద కూర్చుని మాలాంటి పిల్లలకు ఉప్పు శెనగలు పంచేవాడు. అతని గొంతు విన్న జ్ఞాపకం నాకు లేదు. గని మూసిన తర్వాత అతన్ని చూసినవారు ఎవరూ లేరు. అది పెద్ద విశేషమని కూడా ఎవరికీ తోచలేదు. రావలసిన జీతమైనా తీసుకోకుండా తమ ఊళ్లకు వెళ్లిపోయినవారు అప్పుడు చాలామంది ఉన్నారు.

నాయన మారిపోయాడు. క్వారీలో మందు పేల్చే ముందు మనుషులను మూడేసి సార్లు లెక్కపెట్టేవాడు, ముఖాలు తడిమి మరీ. “రాయి కొట్టేటందుకు తెచ్చుకున్న నిన్ను, మందిని కొలిచేటందుకు కాదు సర్దారు,” అని గుత్తేదారు అందరిముందు అన్నాడు. నెల గడిచినా ఇట్లే ఉంటే వేరే చోటు చూసుకొమ్మన్నాడు. అయినా మధ్యాహ్నమయితే నాయన రొట్టె ముట్టకుండా ఆ సందు దగ్గరికి పోయేవాడు. రాతిని రెండుసార్లు కొట్టి, చెవి ఆనించి, వినేవాడు. కొన్నిసార్లు చప్పుడు వచ్చేది, కొన్నిసార్లు వచ్చేది కాదు. రాని రోజున అతను ఇంకా ఎక్కువ భయపడేవాడు. ఊరివాళ్లు గాలి సోకిందన్నారు. వేపమండలు తెచ్చారు. చెల్లెలు మాత్రం ఆ సందు వైపు చూసి, పరిచయం ఉన్నవారికి ఊపినట్టు చెయ్యి ఊపేది.

ఒకనాడు నాయన మూట కట్టుకున్నాడు. పోయి ఆ గోడ కూలగొట్టిస్తానన్నాడు. అప్పటికి గని మూసి ఎనిమిది నెలలు. అమ్మ మూట విప్పలేదు, అడ్డం నిలబడలేదు. పొయ్యి ముందునుంచి లేవకుండానే అంది:

“దింపేటప్పుడు ఎట్ల లెక్కపెట్టినవు?”

“ఎట్లనేంది?”

“అప్పుడు సుత లాభమే అన్నవు గద. నీ నోటికి ఒకటి అని ఎప్పుడొచ్చింది? లాభం కింద మనిషి లేకుంటే దిగినోళ్లు పద్దెనిమిది, ఎక్కినోళ్లు పద్దెనిమిది. ఉంటే పందొమ్మిదికి పందొమ్మిది. ఎట్ల జూసినా సరిపోయింది. కూసో, తిను.”

అమ్మ ఒక్క అక్షరమైనా చదువుకోలేదు. నేను వేళ్ల మీద రెండువైపులా లెక్కవేసి చూశాను. నిజమే, తేడా రాలేదు. నాయన చాలాసేపు అమ్మ ముఖంలోకి చూశాడు. తర్వాత మూట పక్కన పెట్టి, కూర్చుని, మూడు రొట్టెలు తిన్నాడు. మరునాడు క్వారీలో ఒక్కసారే లెక్కపెట్టాడు. సందు దగ్గరికి పోవడం మానేశాడు. మా పని నిలిచింది. తర్వాతి ఏడాది నన్ను లింగంపల్లి బడిలో వేశారు. ఆ సందున్న గుండ్లను కూడా పేల్చి కంకర చేశారు. లోపల ఏమీ లేదు; ఉండదని నాకు తెలుసు. అయినా ఆ రోజు చెల్లెలిని అమ్మ ఇంట్లోనే ఉంచింది.

అమ్మ పోయిన రెండేళ్లకు నాయన మంచం పట్టాడు. అప్పటికి నేను ప్రభుత్వ గణాంకాల శాఖలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. ఒక మధ్యాహ్నం అతనికి మజ్జిగ తాగిస్తూ, అమ్మ చెప్పిన ఆ లెక్క ఎంత చక్కని లెక్కో అన్నాను. నాయన గ్లాసు పక్కకు నెట్టాడు.

“దింపేటప్పుడు లెక్క నాది కాదు బిడ్డా,” అన్నాడు. “దీపాల గదోళ్లది. మనిషికో దీపం. పందొమ్మిది దీపాలిచ్చిన్రు. అది పక్కా. మీ అమ్మ మొఖం జూసి ఊకున్న.”

తిరిగి వచ్చిన దీపాల మాట అడిగాను. చివరి రోజు కావడంతో అన్నింటినీ ఒక బండిలో గుట్టగా పోసి తీసుకుపోయారట, ఎవరూ లెక్కపెట్టలేదు. అప్పుడు ఇంకొక సంగతి కూడా చెప్పాడు. రొట్టెలు తిని, సందు వైపు పోవడం మానేసిన తర్వాత, ఇన్నేళ్లలోనూ అతను ఆ మనుషులను వెతకడం మానలేదు. పెళ్లిళ్లలో, చావుల్లో, బస్టాండుల్లో దొరికిన వారినల్లా ఒక్కటే అడిగాడు: నీ ముందు ఎవరున్నారు? పక్క గుడిసెల నలుగురితో కలిపి పదకొండు మందిని అడిగాడు. పదకొండు మందీ, తన ముందు ఒకడున్నాడనే చెప్పారు.

మిగిలినవారిని నేను వెతికాను. ఉద్యోగరీత్యా ఊళ్లు తిరిగేదాన్ని కనుక అది సాధ్యమయింది. పది సంవత్సరాల్లో ఏడుగురు దొరికారు. ఒకరు ఇటుక బట్టీలో, ఒకరు మిల్లు కాపలాలో, ఇద్దరు సొంత ఊళ్లలో సేద్యంలో, ఇద్దరు కొడుకుల ఇళ్లలో మంచాల మీద. ఆ ఆరుగురూ అదే మాట చెప్పారు. ఏడో మనిషి తెల్లాపూర్‌లో, పెద్ద పెద్ద భవనాలున్న ఒక కాలనీ గేటు దగ్గర, వాచ్‌మన్‌గా ఉన్న కొడుకు గదిలో ఉంటున్నాడు. ఎనభై దాటిన మనిషి. చూపు సగం పోయింది. నన్ను సర్దారు బిడ్డగా గుర్తుపట్టి, చెయ్యి పట్టుకుని వదలలేదు. నేను అడగవలసింది అడిగాను.

“ఉండె, నా ముందట ఒకడు ఉండె,” అన్నాడు.

“ఎవరు, పెదనాయనా? పంపు దగ్గరి ఆయనేనా?”

“ఎట్ల జెప్పాలె బిడ్డా. ఎదురుంగ వెలుతురు. వాడు నల్లగ అడ్డం కనవడ్డడు. ఒక్కసారి సుత ఎనకకు తిరగలే.” గేటు వెలుతురు వైపు తిరిగాడు. “మనిషే. నడిచిండు గద.”

వరుసలో నడిచేవారిలో ముందు ఎవరూ లేనివాడు ఒక్కడే ఉంటాడు. ఈ పద్దెనిమిది మంది చెప్పినది నిజమయితే, ఆ ఒక్కడు పందొమ్మిదోవాడే. లాభం అన్న మాట కింద నడిచి, వెలుతురులోకి వచ్చి, ఎవరికీ చెప్పకుండా తన దేశానికి పోయి ఉంటాడు. అందరికంటే కింద పనిచేసేవాడు అందరికంటే ముందు ఎలా వచ్చాడన్నది నేను తేల్చలేకపోయాను. పద్దెనిమిది మందిలో ఒక్కరు పొరబడినా ఈ లెక్క నిలవదు. ఆ ఒక్కరు ఎవరో చెప్పడానికి నాకు ఆధారం లేదు. నాయనకు ఫలితం చెప్పే అవకాశం కూడా లేకపోయింది. నలుగురి దగ్గరికి వెళ్లి వచ్చేసరికే ఆయన పోయాడు.

చివరికి తేలిన లెక్క ఇది. దీపం తీసుకుని లోపలికి దిగినవారు పందొమ్మిది మంది. ఆ తర్వాత భూమి మీద కనబడినవారు పద్దెనిమిది మంది. పైకి వచ్చేటప్పుడు తన ముందు ఒక మనిషి నడిచాడని చెప్పినవారు పద్దెనిమిది మంది.